ప్రాగ్‌లో చూడకుండా పెట్టిన సంతకం

న్యూజెర్సీలోని మా పిస్కాటవే తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక కింది హాల్లో భోజనాలుంటాయి. ఆ బల్లల దగ్గర నేను చెప్పిన ప్రకారం ప్రాగ్ నగరంలో నేను చేసిన ఘనకార్యాలు ఇవి. ఊరి మధ్యనున్న గడియారపు బురుజును ఎక్కడా ఆగకుండా, ఆయాసపడకుండా ఎక్కాను. కోట గుమ్మంలో రాతిబొమ్మలా నిలబడే సిపాయి నన్ను చూసి కనుసైగ చేశాడు. నదిలో పడవవాడు అలసిపోతే తెడ్డు నేనందుకున్నాను. మా ఆవిడ బూట్లు ఎత్తుకుపోయిన దొంగను రెండు వీధుల దాకా తరిమాను.

బురుజుకు లిఫ్టు ఉంది. సిపాయి కంట్లో నలక పడింది. పడవకు తెడ్డు లేదు, మోటారు ఉంది. దొంగ సంగతి తరువాత చెబుతాను.

మా ఆవిడ ఆడవాళ్ళ బల్ల దగ్గర పెరుగన్నం కలుపుకుంటూ అన్నీ వింది. ఒక్కటీ సరిదిద్దలేదు. నా కోతలు ఆమెకు ఫ్యాను చప్పుడు లాంటివి. తిరుగుతున్నంతసేపూ పట్టించుకోదు, ఆగితేనే తల ఎత్తి చూస్తుంది.

వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. ఆ నాలుగు రోజుల్లో నష్టం తెచ్చే అబద్ధం కూడా ఒకటి ఆడాను. దాన్ని హాల్లో చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, ఆవిడ అనుమతి తీసుకునే.

ముందు ఆమె పాదాల గురించి చెప్పాలి. షుగరు వల్ల వాటికి స్పర్శ పోయింది. మేకు గుచ్చుకున్నా తెలియదు. ఆమె నర్సు. ముప్పై రెండేళ్ళు ఇక్కడి ఆసుపత్రిలో ఇలాంటి పాదాలకు కట్లు కట్టింది. చిన్న బొబ్బతో వచ్చి కాలు పోగొట్టుకుని వెళ్ళినవాళ్ళను చూసింది. కాబట్టి ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ఎడిసన్‌లో పాదాల డాక్టరు కొలతలు తీసుకుని ఆమెకు ప్రత్యేకంగా బూట్లు చేయించాడు. చూడ్డానికి రెండు నల్ల బన్ను రొట్టెల్లా ఉంటాయి. ప్రతి సాయంత్రం అరికాళ్ళు, వేళ్ళ సందులు ఎవరో ఒకరు పరీక్షగా చూడాలని ఆయన చెప్పాడు. రెండు మోకాళ్ళూ మార్పించుకున్న మనిషి వంగి చూసుకోలేదు. ఆ ఎవరో ఒకరు నేనే.

దీనికి ఆమె దగ్గర ఒక చిన్న నోటుబుక్కు ఉంది. తేదీ, ఎడమ, కుడి. చూశాక నేను పక్కన సంతకంగా నా పేరు పొడి అక్షరాలు వేయాలి. ఆ పని నాకు కొత్త కాదు. నేను మందుల కంపెనీలో నాణ్యత చూసే విభాగంలో రిటైరయ్యాను. నా పొడి అక్షరాలు పడనిదే మాత్రల బ్యాచ్ ఒక్కటి కూడా గేటు దాటేది కాదు. కంటితో చూడనిదాని పక్కన సంతకం పెట్టకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు నేను చెప్పే పాఠం ఇదొక్కటే. ఇందులో కోత ఏమీ లేదు.

ఇక ప్రాగ్ ఎందుకంటే, ఆర్గన్ కోసం. గుంటూరు జిల్లాలో ఒక మిషన్ చర్చిలో చిన్నప్పుడు ఆమె కాళ్ళతో తొక్కే హార్మోనియం వాయించేది. గొట్టాలతో గోడంత ఎత్తున ఉండే అసలు ఆర్గన్‌ను, అది పుట్టిన కాలం నాటి రాతి చర్చిలో కూర్చుని ఒక్కసారి వినాలని ఆమె కోరిక. ఈ కోరిక నాకు డెబ్బై దాటాక తెలిసింది.

"న్యూజెర్సీలో ఆర్గన్లు లేవా?" అన్నాను.

"ఉన్నాయి. ఆదివారం పొద్దున మోగుతాయి. నాకు ఆదివారం పొద్దున డ్యూటీ."

"రిటైరయ్యి ఎనిమిదేళ్ళయిందిగా."

"ఈ ఎనిమిదేళ్ళలో మీరు అడిగారా?"

అమెరికా పడమటి తీరాన బాతెల్‌లో ఉండే మా అమ్మాయి ఆ మాటలు ఫోన్‌లో విని, వారం తిరక్కుండా విమానం టికెట్లు, హోటలు, నాలుగో రోజు సాయంత్రం అయిదింటికి ఆర్గన్ కచేరీకి రెండు సీట్లు బుక్ చేసి పంపింది.

బయల్దేరే ముందు పాదాల డాక్టరు ఆమెతో కాదు, నాతో అన్నాడు. "వెళ్ళండి. కానీ పుండు కనిపించిందా, ఆ కాలు కింద పెట్టనివ్వద్దు." నేను తల ఊపాను. నా తల ఊపడం ఎంత గంభీరంగా ఉంటుందంటే, ఎవరైనా నమ్ముతారు.

మొదటి రోజు విగ్రహాలున్న పాత వంతెన మీద నడిచాం. జెర్సీ సిటీ నుంచి వచ్చిన ఒక తెలుగు జంట కనిపించింది. ఇద్దరికీ బ్యాంకులో ఐటీ ఉద్యోగాలట. పక్కన ఎవరో గైడు, ఈ వంతెన సున్నంలో కోడిగుడ్లు కలిపారని ఒక కథ ఉందని చెబుతున్నాడు. ఆ ముక్క నా చెవిన పడింది. నాకంతే చాలు. గుడ్డుసొన కలిపి సున్నం నూరడం మన కృష్ణా జిల్లా మేస్త్రీల పనితనమని, అక్కడినుంచి ఓడ మీద ఒక ముఠా ఇక్కడికి వచ్చిందని ఆ జంటకు వివరించాను.

"అంకుల్, మీకివన్నీ ఎట్ల తెలుసు? హిస్టరీ ప్రొఫెసరా మీరు?" అని ఆ అబ్బాయి అడిగాడు.

"ఏదో, కొంత పరిశోధన చేశాను" అన్నాను.

మా ఆవిడ ఒక రాతి విగ్రహం వైపు చూస్తూ, "ఓడ సముద్రంలో కదా వస్తుంది. ఈ ఊరికి సముద్రం ఎటువైపండీ?" అంది.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. ఆ సాయంత్రం హోటలు గదిలో మా ఆవిడ పాదాలు కుర్చీ మీద చాచింది. నేను నేలమీద కూర్చుని, టార్చి వేసి, వేలు వేలు విడదీసి చూశాను. ఎడమ బాగుంది. కుడి బాగుంది. పొడి అక్షరాలు.

రెండో రోజు కోట. కోట అంటే ఒక ఊరే. రోజంతా ఎత్తుపల్లాల్లో, గుండ్రాళ్ళు పరిచిన దారుల్లో తిరిగాం. దిగి వచ్చాక నేను ఒక నల్ల బీరు తాగాను. చర్చిలో సంఘపెద్దను కాబట్టి అది ఇక్కడివాళ్ళు బార్లీతో కాచే కషాయమని ఆమెకు చెప్పాను.

"కషాయానికి నురగ బాగా కట్టింది" అంది.

గదికి వచ్చి ఆమె యథాప్రకారం పాదాలు కుర్చీ మీద చాచింది. అప్పుడు నా ఫోన్‌లో క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్లు నడుస్తున్నాయి. నా నడుం నేలమీద కూర్చోనని మొరాయించింది. మంచం అంచున కూర్చుని కుడిచేత్తో టార్చి ఆమె పాదాల మీదికి వేశాను. కళ్ళు ఎడమచేతిలోని ఫోన్ మీద ఉన్నాయి.

"ఎలా ఉన్నాయి?"

"రెండూ బాగున్నాయి."

"వేళ్ళ మధ్య చూశారా?"

"వేళ్ళ మధ్య కూడా."

నోటుబుక్కు తెరిచి సంతకం పెట్టాను. మన జట్టు ఓడిపోయింది.

మూడో రోజు పొద్దున నదివైపు దిగే ఒక సందులో చిన్న చర్చి కనిపించింది. కోటలోని పెద్ద చర్చిలో టికెట్లు, తాళ్ళు, తోపులాట. ఇందులో నలుగురు ముసలివాళ్ళు మోకాళ్ళ మీద ఉన్నారు, అంతే. మా వైపు క్రైస్తవులం చర్చిని కూడా గుడి అనే అంటాం. గుడిలోకి చెప్పులతో వెళ్ళం. పిస్కాటవేలో మా అద్దె చర్చిలో, తివాచీ మీద కూడా, ఆవిడ బూట్లు విప్పి కుర్చీ కింద పెట్టుకుంటుంది. ఇక్కడ వాకిట్లోనే ఆగి, గోడ పట్టుకుని బన్ను రొట్టెలు రెండూ విప్పి మెట్టు పక్కన జతగా పెట్టింది.

"ఉత్తకాళ్ళతో నడవకూడదని నువ్వే ఊరందరికీ చెబుతావు" అన్నాను.

"రెండు జతల సాక్సులు వేసుకున్నాను. నాలుగు అడుగులేగా. మీ బూట్లు విప్పరా?"

"నావి విదేశీ గుడుల్లో నడుస్తాయి."

పావుగంట కూర్చుని బయటికి వచ్చేసరికి మెట్టు పక్క ఖాళీగా ఉంది. చీపురు పట్టుకున్న ఒకావిడ మా ఆవిడ సాక్సుల వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన భాషలో ఏదేదో చెప్పి, సందు మలుపు వైపు చూపించింది. అక్కడ చెత్తబండి మలుపు తిరుగుతోంది. ఎవరో పారేసిన పాత బూట్లు అనుకుందని సైగలను బట్టి అర్థమైంది. నేను తరిమిన దొంగ ఆ బండే. అదీ రెండు వీధులు కాదు, ఆరు అడుగులు. తరువాత దగ్గు వచ్చింది.

నా బూట్లు విప్పి ఆమెకు తొడిగి, తాళ్ళు రెండు చుట్లు బిగించాను. నేను సాక్సులతో గుండ్రాళ్ళ మీద టాక్సీ దొరికే చోటిదాకా నడిచాను. ఆ రాళ్ళ ప్రతి అంచూ నా అరికాలికి తెలిసింది. ఆమెకు ఏ రాయీ తెలియదన్న సంగతి అప్పటిదాకా నాకు మాటగా మాత్రమే తెలుసు.

గదికి రాగానే నేలమీద కూర్చుని బూట్లు విప్పాను. ఎడమ సాక్సుకు బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత తడి మరక ఉంది. సాక్సు తీస్తే బొబ్బ చితికి, కింద ఎర్రగా ఉంది. ఫోన్‌తో ఫోటో తీసి ఆమెకిచ్చాను. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. ఆ చూపు భార్యది కాదు, నర్సుది.

"ఇది ఇవాళ్టిది కాదండీ. అంచు చూడండి, తెల్లగా మెత్తబడింది. నిన్న సాయంత్రానికే ఉండి ఉండాలి. నిన్న ఇక్కడ ఏమీ లేదుగా?"

"ఏమీ లేదు."

"సరిగ్గా చూశారా?"

"టార్చి వేసి చూశాను."

టార్చి వేసిన మాట నిజం.

ఆమె చాలాసేపు ఫోటో చూసింది. నా మాటకు, తన చదువుకు పొత్తు కుదరలేదు. చివరికి తన చదువునే పక్కన పెట్టింది. "అయితే గుడిలో ఉత్తకాళ్ళతో నడవడం వల్లే. ముప్పై రెండేళ్ళు పేషెంట్లను ఇదే మాటకు కేకలేశాను. నేనే చేశాను" అంది.

పెట్టెలో కట్టుసామాను ఎప్పుడూ ఉంటుంది. ఎలా కడగాలో, ఏది ముందు వేయాలో ఆమె చెబుతుంటే నేను చేశాను. దూది రెండుసార్లు నా చేతిలోంచి జారింది. వయసు వల్ల అనుకుని, "మెల్లగా కానివ్వండి, నాకు నొప్పి తెలియదుగా" అంది. కట్టు అయ్యాక, "అమ్మాయికి ఫోన్ చేసి రేపటికి టికెట్లు మార్చమనండి. ఆర్గన్ వద్దు. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేద్దాం. నేను చేసుకున్నదానికి మీరేం చేస్తారు" అంది.

ఫోన్ చేసే ముందు ప్రార్థన చేసుకుందాం అంది. మా ఇంట్లో ఒకరు ప్రార్థన చేస్తే రెండోవారు ఆమెన్ అనాలి. మంచం మీద కూర్చుని ఆమె కళ్ళు మూసుకుంది. "ప్రభువా, నా నిర్లక్ష్యాన్ని క్షమించు. ఈ పాదాలను ఈయన రోజూ ఓపిగ్గా చూస్తున్నారు. నేనే వాటిని పాడు చేసుకున్నాను. ఈయన సంతోషం కూడా పాడు చేశాను. ఈ కాలు నా నుంచి తీసేయవద్దు."

అంతటితో ఆగింది. ఆగిన చోట నేను ఆమెన్ అనాలి. అనలేకపోయాను.

కాసేపటికి ఆమె ఒక కన్ను తెరిచింది. "ఏమండీ, నిద్రపోయారా?"

"నిన్న చూడలేదు" అన్నాను.

"దేన్ని?"

"నీ కాళ్ళను. టార్చి వేశాను. కళ్ళు ఫోన్ మీద ఉన్నాయి. చూడకుండా సంతకం పెట్టాను. ఇందాక అడిగితే మళ్ళీ అబద్ధం చెప్పాను."

ఆమె రెండో కన్ను కూడా తెరిచింది. కోప్పడితే బాగుండు అనుకున్నాను. నోటుబుక్కు తెమ్మంది. తెచ్చాను. నిన్నటి తేదీ దగ్గర నా పొడి అక్షరాల మీద ఒకే ఒక్క అడ్డగీత గీసింది. ఆసుపత్రిలో తప్పు దిద్దే పద్ధతి అది. కొట్టేసినా కింద ఉన్నది చదవడానికి వీలుండాలి. మా కంపెనీలోనూ అదే పద్ధతి. పక్కన 'చూడలేదు' అని రాసి పుస్తకం నా ముందుకు తోసింది. "పెట్టండి." పెట్టాను. నా జీవితంలో అంత కష్టంగా పెట్టిన రెండు అక్షరాలు లేవు.

"మాత్రలకు కూడా ఇలాగే పెట్టేవారా?"

"లేదు. ఒక్కసారి కూడా లేదు."

"మరే. కంపెనీవాళ్ళైతే ఉద్యోగం తీసేస్తారు."

తరువాత గంటసేపు ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నేను కింది నుంచి సూప్ తెచ్చాను. సగం తాగింది. నా కోతల ఫ్యాను ఆగిపోయిన గది ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. గిన్నె పక్కన పెట్టి, "టికెట్లు మార్చమని అమ్మాయికి చెప్పారా?" అంది.

"ఇంకా లేదు."

"చెప్పకండి. తప్పు నాదనుకున్నప్పుడు వదులుకుందాం అనుకున్నాను. నాది కానప్పుడు నా ఆర్గన్ నేనెందుకు వదులుకోవాలి?"

"కాలు కింద పెట్టకూడదుగా."

"పెట్టను. పొద్దున ఇక్కడి డాక్టరుకు చూపిద్దాం. సరే అంటే చక్రాల కుర్చీలో వెళ్తాను."

ఆ మాట నేను ఆమె నోట వింటాననుకోలేదు. ముప్పై రెండేళ్ళు రోగులను ఆ కుర్చీలో తోసిన మనిషి, మోకాళ్ళ ఆపరేషన్ల అప్పుడు కూడా అందులో కూర్చోవడానికి మొహం చిట్లించింది.

నాలుగో రోజు పొద్దున హోటలుకు దగ్గర్లోని క్లినిక్‌లో ఒక డాక్టరమ్మ గాయం శుభ్రం చేసింది. చీము లేదని, బరువు మోపనంతవరకు కచేరీకి వెళ్ళవచ్చని, ఇంటికి చేరగానే మీ డాక్టరుకు చూపించమని చెప్పింది. ఎన్నాళ్ళయింది ఈ గాయం అని అడిగింది. మా ఆవిడ నావైపు చూసింది. "రెండు రోజులు" అన్నాను.

కుర్చీని హోటలువాళ్ళు ఇచ్చారు. గుండ్రాళ్ళ మీద దాన్ని తోయడం గురించి చర్చి హాల్లో అయితే ఇంకో రకంగా చెప్పేవాణ్ణి. కచేరీ జరిగే రాతి చర్చి అయిదు నిమిషాల దారే, అరగంట పట్టింది. మూడుసార్లు ఆగాను. కుర్చీ దడదడలాడుతుంటే ఆమె గొంతు కూడా ఊగింది. "ఏ-మం-డీ, మె-ల్ల-గా." రెండోసారి అలా అన్నాక ఆమెకే నవ్వు వచ్చింది. మెట్ల దగ్గర వరుసలో నిలబడ్డ ఇద్దరు పెద్దమనుషులు ముందుకు వచ్చి కుర్చీని అటూ ఇటూ ఎత్తారు. నేను వెనక పట్టుకున్నాను. పట్టుకున్నానంటే, చెయ్యి వేశాను.

ఆర్గన్ మా వెనక, పైన ఉంది. అందరూ దానికి వీపు పెట్టి, ముందున్న బలిపీఠం వైపు చూస్తూ కూర్చున్నారు. మాకు చివర్లో, గోడ పక్కన చోటిచ్చారు కాబట్టి కుర్చీని పక్కకు తిప్పగలిగాను. ఆమె తల ఎత్తితే గొట్టాలు కనిపించాయి, వాయించేవాడి వీపు కనిపించింది, అతని రెండు కాళ్ళూ కింది చెక్కల మీద కదలడం కూడా కనిపించింది.

మొదటి స్వరం చెవితో వినలేదు. నేల నుంచి వచ్చింది. నా బూట్లలోంచి, బెంచీలోంచి వచ్చింది. నేను గబుక్కున ఆమె వైపు చూశాను. పాదాలకు తెలియదే అనుకున్నాను. ఆమె కుర్చీ చేతులను రెండు చేతులతోనూ పట్టుకుని ఉంది. "ఇందులోకి వస్తోంది" అని పెదాలతో అంది. కుర్చీ లోహపు గొట్టాలు సన్నగా వణుకుతున్నాయట. నా చెయ్యి తీసి ఆ గొట్టం మీద పెట్టింది. గంటసేపు అలాగే ఉంచాను. ఆమె ఏడ్చిందా అని తరువాత మా పిస్కాటవే హాల్లో ఎవరో అడిగితే, ఏడ్చింది, నేనే కళ్ళు తుడిచానని చెప్పాను. ఆమె ఏడవలేదు. రుమాలు ఆమె దగ్గరే ఉంది, దాన్ని నాకు ఇచ్చింది.

ఇంటికి వచ్చాక గాయం అంత తేలిగ్గా లొంగలేదు. రెండో వారంలో చుట్టూ వేడి పుట్టింది. డాక్టరు మందులు మార్చాడు. ఎముక దాకా వెళ్ళిందేమోనని ఎక్స్‌రేలు తీయించాడు. ఆ రిపోర్టు వచ్చే మూడు రోజులూ నేను ఎవరికీ ఏ కథా చెప్పలేదు. ఆదివారం భోజనాల దగ్గర మా పాస్టరు అయ్యగారు నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమైనా ఉందా అని చూశారు. ఎముకకు ఏమీ కాలేదు. పదో వారానికి చర్మం మూసుకుంది.

చివరిసారి చూపించడానికి ఎడిసన్ వెళ్ళాం. డాక్టరు వేలితో నొక్కి చూసి సంతోషించాడు. కొత్త బూట్లు కూడా ఆ రోజే వచ్చాయి. "పుండ్లను ఇంత తొందరగా పట్టుకోవడం అరుదు. మొదట ఎవరు చూశారు?" అన్నాడు.

"మా ఆయన" అంది ఆవిడ. "రోజూ ఒక్కపూటా తప్పకుండా చూస్తారు. ఆయనే కనిపెట్టారు."

డాక్టరు నావైపు మెచ్చుకోలుగా తిరిగాడు. ఆమె ముఖం చూశాను. నిశ్చింతగా, ఏమీ ఎరగనట్టు ఉంది. యాభై ఏళ్ళుగా నన్ను చూసి నేర్చుకున్నట్టుంది, నాకంటే బాగా చెప్పింది.

"లేదు డాక్టర్. ఒకరోజు చూడలేదు. చూసి ఉంటే ఇంకా ముందు దొరికేది" అన్నాను.

ఆయన ఆ మాట కంప్యూటర్‌లో కొట్టుకున్నాడు.

పార్కింగ్‌లో కారు తలుపు తీశాక ఆమె గొణిగింది. "మీ పరువు కాపాడదామని చూస్తే మీరే తీసుకున్నారు. ఆయనకు చెప్పాల్సిన పనేముంది?"

"ఫైల్లో తప్పు పడకూడదుగా."

"ఇప్పుడు గుర్తొచ్చాయి ఫైళ్ళు" అని ముఖం అటు తిప్పుకుంది. కోపం కాదని నాకు తెలుసు. సీటు అంచున కూర్చుని కాళ్ళు బయటకు పెట్టి, "ఇవి కొంచెం బిగుతుగా ఉన్నట్టున్నాయి. చూడండి" అంది.

తారు మీద మోకాలు ఆనించి కూర్చున్నాను. చెయ్యి బూటులోపలికి పెట్టి మడమ దగ్గర, వేళ్ళ దగ్గర తడిమాను. సాక్సు ఎడమ పక్క చిన్న మడత పడి ఉంది. తీసి సరిచేశాను. ఆమె కదలకుండా ఉండటానికి ఆసరాగా నా బట్టతల మీద చెయ్యి వేసింది. పక్క కారులో ఎవరో మా కోసం ఆగారు, చోటు ఖాళీ అవుతుందేమోనని. రెండో కాలు కూడా పూర్తిగా చూసేదాకా నేను లేవలేదు.